పిలిస్తే వినపడే కారు

ఆ వీడియో మీరు చూశారు. చూసి నవ్వారు. నవ్వి ఇంకొకరికి పంపారు. కాదని బుకాయించకండి, నాకు కూడా మీలో ఎవరో ఒకరే పంపారు.

ఉరవకొండ దగ్గర తారు రోడ్డు మీద ఎర్రటి స్పోర్ట్స్ కారు తగలబడుతూ ఉంటుంది. వెనక గాలిమరలు తీరిగ్గా తిరుగుతూ ఉంటాయి. కొంగు నడుముకు చుట్టిన ఒక ముసలామె కర్రతో ఆ కారు పొట్ట కింద పొడుస్తుంది, లాగుతుంది, మళ్లీ పొడుస్తుంది. కింద ఎవరో 'ఉన్నోళ్ల మీద కసి' అని రాశారు. కొందరు ఆమెను తిట్టారు. కొందరు, నా భావాలున్నవాళ్లే, ఆమెను మెచ్చుకున్నారు. తిట్టినవాళ్లూ మెచ్చినవాళ్లూ కలిసి ఒకే అబద్ధాన్ని నమ్మారు.

ఆ ముసలామె మా పెద్దమ్మ. మా అమ్మకు అక్క. పోయిన మంగళవారం మధ్యాహ్నం ఎనుముకు కుడితి పెట్టి, కొట్టం గోడకు ఆనుకొని కూర్చుంది. కోడలు వచ్చి అన్నానికి పిలిస్తే పలకలేదు.

మీ వల్ల చనిపోయిందని నేను అనను. డెబ్బై దాటిన మనిషి, గుండె జబ్బు ముందునుంచీ ఉంది. డాక్టరు చెప్పిన కారణంతో నాకు పేచీ లేదు. నా పేచీ వేరే. రోడ్డుకు అడ్డం పెట్టి కారును ధ్వంసం చేసిందని ఆమె మీద కేసు పెట్టారు. మనిషి పోయింది కాబట్టి ఆమె పేరు ఆ కేసులోంచి పోతుంది. కానీ అందులో రెండో పేరు ఉంది, ఆమె కోడలిది. ఆ కోడలు మా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తోంది. కేసు తేలకపోతే పని ఉంటుందో ఊడుతుందో చెప్పలేమని పైవాళ్లు అంటున్నారు. కొడుకు ఎప్పుడో పోయాడు. ఆ ఇంట్లో నెలనెలా వచ్చే జీతం అదొక్కటే. పెద్దమ్మ చివరి రోజుల్లో తన గురించి ఒక్క మాట అడగలేదు. నేను పోయినప్పుడల్లా ఒకటే: "నా సంగతి ఇడ్సిపెట్టురా. ఆ పిల్ల పేరు ఎప్పుడు తీస్తారంట?"

ఈ నాలుగు మాటలూ ఆ రెండో పేరు కోసం రాస్తున్నాను. ఏడ్చే పని ఇంటివాళ్లు చేసుకుంటారు. మీరు కారణాలు వినండి చాలు.

ముందు ఉలవల సంగతి చెప్పాలి. మా వైపు వానను నమ్ముకొని శెనక్కాయ వేస్తారు. వాన ఆలస్యమైతే ఉలవ చల్లుతారు. ఉలవకు పెద్దగా ఏమీ అక్కర్లేదు, మా పెద్దమ్మ లాగే. కాయలతో సహా కోసి ఎండబెట్టిన ఉలవ మొక్కల్ని మా వైపు కట్టె అంటారు. ఆ కట్టెను ఒకప్పుడు కళ్లంలో పరిచి ఎద్దులతో తొక్కించేవారు. కరువుకు ఎద్దులు సంతకు పోయాయి. ఊరుమ్మడి కళ్లం ఉన్న చోట ఇప్పుడు గాలిమరల సామాను దించే యార్డు ఉంది, చుట్టూ కంచె. ఎద్దులు లేవు, కళ్లం లేదు, రోడ్డు ఉంది. రోడ్డు మీద పరిస్తే బస్సులూ ట్రాక్టర్లూ తొక్కుతూ పోతాయి, గింజ రాలుతుంది.

'అది నేరం కదా' అంటారు మీరు. ప్రమాదమే, ఒప్పుకుంటాను. మోటారు సైకిలు మీద పోయేవాడు జారి పడగలడు. అందుకే పెద్దమ్మ సగం రోడ్డే వాడుకునేది, ఇవతల ముళ్లకంపకు ఎర్ర గుడ్డ కట్టి నిలబెట్టేది, పొద్దు గూకకముందే ఊడ్చి ఎత్తేసేది. కానీ నేరం అన్న మాటకు నోరు తిరిగే ముందు, కళ్లం తీసుకున్నవాళ్లను ఏమనాలో కూడా చెప్పండి. దానికి మీ దగ్గర మాట లేదు.

రోడ్డు మీద తొక్కించడానికి ఒక పద్ధతి ఉంది. మా వైపు బండి నడిపేవాళ్లందరికీ తెలుసు. కట్టె మీద నిదానంగా పోవాలి. దాటాక పది అడుగుల అవతల ఆపాలి. బండి కింద చుట్టుకున్న కట్టెను కొన వంకర తిరిగిన కర్రతో లాగేస్తారు. దాన్ని కొంకి కర్ర అంటాం. లాగకపోతే ఎండు కట్టె ఇంజను వేడికి అంటుకుంటుంది. ఆ తర్వాత పెద్దమ్మ చేసే పని ఒకటుంది, అది ఆమె సొంతం. ఎద్దులు తొక్కితే మొదటి పిడికెడు గింజలు ఎద్దులకు పెట్టేవారు. ఎద్దులు పోయాక ఆమె ఆ పిడికెడు డ్రైవర్ల చేతిలో పెట్టేది. ఆర్టీసీ డ్రైవర్లు కిటికీలోంచి చెయ్యి చాపి తీసుకొని జేబులో పోసుకొనేవారు. థ్యాంక్స్ అనే మాట ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు. పిడికెడు ఉలవలే.

నేను అనంతపురంలో కాలేజీలో చదివే రోజుల్లో సెలవులకు ఆమె దగ్గరికి పోయేవాణ్ని. అప్పట్లో ఉరవకొండలో ఒక నూనె మిల్లు షావుకారు ఉండేవాడు. ఆయనకు టాపు లేని పాత స్పోర్ట్స్ కారు ఒకటి ఉండేది. ఆకుపచ్చ రంగు, రెండే సీట్లు, ముందు పొడుగ్గా మూతి. సీమదొర ఎవరో వదిలిపోయిందని కొందరు, బెంగుళూరులో వేలంపాటలో కొన్నాడని కొందరు అనేవారు. అప్పటికే అది ముసలిది. పొగ వదిలేది, దగ్గేది. శెనక్కాయల బేరానికి ఊళ్లు తిరగడానికి షావుకారు దాన్నే వాడేవాడు.

ఒక సాయంత్రం నా కళ్ల ముందు జరిగింది. షావుకారు నిదానంగా ఉలవ కట్టె మీద పోయి, పద్ధతి ప్రకారం దాటి ఆపాడు. పెద్దమ్మ కర్ర భుజాన పెట్టుకొని నడుచుకుంటూ పోయింది.

"ఏమప్పా షావుకారా, ఇంగొక సుట్టు తిరుగు. గింజ ఇంకా రాల్లేదు."

"నా కారును ఎద్దును చేసినావు కదమ్మా!"

"ఎద్దయితే మేత అడుగుతాది, గిట్ట అరిగితే నాడా అడుగుతాది. నీ కారు నయం, ఏమీ అడగదు. తిరుగు తిరుగు."

ఆయన నవ్వుతూ వెనక్కి తిప్పాడు. మళ్లీ ముందుకు. మళ్లీ వెనక్కి. ఊరు ఊరంతా వచ్చి చూసింది. చివర ఆమె వంగి కట్టె లాగేసి, పిడికెడు ఉలవలు ఆయన దోసిట్లో పోసింది.

ఇప్పుడు మీరు 'పాత రోజులు ఎంత బాగుండేవి, షావుకార్లు ఎంత మంచివాళ్లు' అని నిట్టూర్చబోతున్నారు. ఆ నిట్టూర్పు నాకు అక్కర్లేదు. ఆ షావుకారు మిల్లులో కాటా ఎప్పుడూ ఆయన వైపే మొగ్గేది. మా ఊరి శెనక్కాయలు ఊరు దాటగానే బరువు తగ్గేవి. ఆ పచ్చ కారు మెరుపులో మా ఊరి నూనె ఉంది. ఈ మాట నేను అప్పుడే ఆవేశంగా పెద్దమ్మతో అన్నాను. ఆమె కట్టె దులుపుతూ తాపీగా చెప్పింది:

"కారు మంచిదేరా. కాటానే మంచిది కాదు. రెంటినీ కలపొద్దు."

అన్నిటికీ ఒకే కాటా వాడకూడదని ఆమె నాకు అట్లా నేర్పింది. నేను సగమే నేర్చుకున్నాను.

కొత్త కారు సంగతికి వస్తాను. పోయిన ఏడాది ఉలవల కాలంలో ఆ షావుకారు మనవడు బెంగుళూరు నుంచి వచ్చాడు. పాతికేళ్లు దాటినవాడు, మర్యాద తెలిసినవాడు. గాలిమరల మధ్య తిన్నని ఖాళీ రోడ్డు మీద తన కారును వీడియో తీయించుకోవాలని వచ్చాడు. వెనక ఇంకో కారులో స్నేహితుడు, చేతిలో ఫోను. మా ఊరి బస్సు స్టేజీ దగ్గర టీ హోటలు ముందు ఆపారు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. పెద్దమ్మ సాసర్లో టీ పోసుకొని ఊదుకుంటూ ఆ కారు చుట్టూ తిరిగింది.

"ఇది కారా అప్పా?"

"కారే అవ్వా. స్పోర్ట్స్ కారు."

"కూకుంటే పిర్రలు నేలకు రాసుకోవా?"

హోటల్లో ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఆ అబ్బాయి కూడా నవ్వి తలుపు తెరిచి చూపించాడు. ఆమె తలుపును తానే వేసి, మళ్లీ తెరిచి, మళ్లీ వేసింది. "ఎంత మెత్తగా పడతాదప్పా! మా ఎనుము ఊపిరి ఇడ్సినట్ల ఉండాది." నిజంగానే ముచ్చటపడింది. రంగు బాగుందంది. వాళ్ల తాత కారు ఆయిలు కార్చేదనీ, ఒక ఏడు గుగ్గిళ్లు ఆ వాసనకు తినలేకపోయామనీ, ఇది అట్లా కాదనీ చెప్పింది. తీర్పు ఇచ్చేటప్పుడు రెండు వైపులా చూసే మనిషి.

"మా తాత కారు ఆ కాలంలో ఇట్లాంటిదే అవ్వా," అన్నాడు అబ్బాయి గర్వంగా.

"కాదప్పా. దానికి టాపు లేకుండె. పిలిస్తే వినపడతాండె. దీంట్లో కూకున్నోనికి ఎవురు పిలిస్తే వినపడతాది?"

"ఇందులో నాలుగొందల గుర్రాల బలం ఉందంట పెద్దమ్మా," అన్నాడు హోటలతను, అబ్బాయి మాటగా.

ఆమె కొంగు మూటలోంచి పిడికెడు ఉలవలు తీసి అబ్బాయి చేతిలో పోసింది. "అయితే పెట్టుకో, ఇది గుర్రాల మేతే. ముందరనే ఇస్తాండా. ఊరు దాటినాక మా కట్టె పరిచినాము, నిదానంగా తొక్కు. దాటినాక ఆపు, కింద లాగేస్తాం."

"సరే అవ్వా," అన్నాడు.

అతను నిజంగానే సరే అన్నాడు. కానీ ఏ మాటకు సరే అంటున్నాడో అతనికి తెలియదు. మా వైపు పుట్టినవాడికి 'దాటినాక ఆపు' అంటే చాలు. ఏళ్ల తరబడి అందరికీ తెలిసిన సంగతి కాబట్టి, ఎందుకు ఆపాలో ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు. హోటల్లో ఉన్న ఇంకెవరూ చెప్పలేదు. ఈ పొరపాటు మా ఊరిది. దీన్ని కోర్టు ముందైనా ఒప్పుకుంటాను.

ఆ తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. వాళ్లు టీ తాగి బయల్దేరేలోపు పెద్దమ్మ కట్టె దగ్గరికి పోయింది, కోడలు అప్పటికే అక్కడ ఉంది. పచ్చ కారు చక్రాల మీద ఎత్తుగా నిలబడేది, కట్టె దాని కింద దూరి వెనక నుంచి చాలావరకు బయటికి వచ్చేది. ఎర్ర కారు పొట్ట నేలకు బెత్తెడు ఎత్తులో ఉంది. కట్టెను ముందు మూతితో నెట్టింది, మిగిలినదాన్ని పొట్ట కింద దట్టంగా కుక్కుకుంది. కట్టె దాటింది. అద్దాలు మూసి ఉన్నాయి, లోపల పాట. వెనక స్నేహితుడు వీడియో తీస్తున్నాడు కాబట్టి, ఆపాల్సిన చోట వేగం పెంచాడు. నేను స్టేజీ నుంచి అప్పుడే అక్కడికి చేరాను. కర్ర ఊపుతూ పెద్దమ్మ పరిగెత్తుతోంది, వెనక కోడలు.

"ఆపప్పా! ఏయ్ అబ్బయా, ఆపు! కింద కట్టె ఉండాది!"

అద్దాల లోపలికి ఆ మాట పోలేదు. పొగ చూసి అతను ఆపేసరికి మంట పట్టింది. అతను దిగి దూరంగా నిలబడిపోయాడు. పెద్దమ్మ మాత్రం నేరుగా పోయి కొంకి కర్రతో మండుతున్న కట్టెను లాగడం మొదలుపెట్టింది. కోడలు మట్టి ఎత్తి పోసింది. నేనూ ఇంకో ఇద్దరూ కలిసి వాళ్లిద్దరినీ వెనక్కి ఈడ్చాం. పెద్దమ్మ ముంజేయి కాలింది. ఆసుపత్రిలో మందు రాయించుకుంటూ, "గుగ్గిళ్ల కుండ తగిలినా ఇంతే కాలతాది" అంది.

మీరు చూసిన వీడియోలో ఆమె పరుగు లేదు, కేక లేదు. మంట, ముసలామె, కర్ర. అంతే ఉంచి మిగతాది కోశారు.

కారుకు బీమా రావాలంటే కేసు కావాలి. కేసుకు ముద్దాయి కావాలి. ఆ ముద్దాయిని మీ వీడియో చూపించింది. కట్టె పరిచింది ఇద్దరూ కాబట్టి కోడలు రెండో పేరయింది.

కొన్ని వారాల తర్వాత నేను ఆ అబ్బాయిని ఉరవకొండలో పాత మిల్లు దగ్గర కలిశాను. మిల్లు మూతపడి చాలా కాలమైంది. గోడౌన్లో చిరిగిన గోనె సంచుల మధ్య టార్పాలిన్ కింద తాత కారు ఉంది. దాన్ని బాగుచేయించి బెంగుళూరుకు తీసుకుపోవాలని వచ్చాడు. నేను గొడవ పెట్టుకోవాలనే పోయాను, దాచడం ఎందుకు.

"ఆమె నీ కారును కొట్టిందా?" అన్నాను.

"లేదు సార్."

"మరి ఏం చేస్తాండె?"

"కట్టె లాగుతాండె. తర్వాత అర్థమయింది సార్."

"ఆ ముక్క స్టేషన్లో చెప్పు."

తల వంచుకున్నాడు. "లాయరు ఏమీ మాట్లాడొద్దన్నాడు సార్. బీమా వచ్చేదాకా ఆగమన్నాడు."

"వీడియో మొత్తం నీ స్నేహితుని దగ్గర ఉందా?"

"ఉంది."

నాకు వచ్చిన మాటలన్నీ అన్నాను. అవి ఇక్కడ రాయను. నా మాట తప్పించడానికో ఏమో, అతను టార్పాలిన్ పైకెత్తి కారు కిందికి వంగి చూశాడు. ఫోను లైటు వేసి మరీ చూశాడు. "సార్, ఇట్లా రండి," అన్నాడు.

నేనూ వంగాను. ఆ పచ్చ కారు అడుగున, ఇనుప కమ్మీకీ గొట్టానికీ మధ్య, కొన్ని ఎండు పోగులు చుట్టుకొని ఉన్నాయి. నూనె మడ్డితో నల్లబడి గట్టిపడ్డాయి. ఉలవ కట్టె. ఎంత బాగా లాగినా కొంచెం మిగులుతుంది. అతను వేలితో తాకి, లాగబోయి, ఆగిపోయాడు. అట్లాగే వదిలేశాడు.

నేను ఈ సంగతి పెద్దమ్మకు చెప్పాను. "అయ్యో, అది నేనే లాగలేదేమో," అంది. ఆమెకు దిగులు దాని గురించి. ఎర్ర కారు గురించీ అంతే. "పోతే పోనీ పెద్దమ్మా, వాళ్లకు ఇంకొకటి వస్తాది" అని నేనంటే కసిరింది. "బండి ఏం పాపం చేసినాదిరా? మంచి బండి. చెవులు లేవు, అంతే."

పాత కారుకూ కొత్త కారుకూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే వేగం గురించీ బలం గురించీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. కొత్తది వేగం, భద్రం, శుభ్రం. పాతది పొగ, ఆయిలు, దగ్గు. పాతదాని యజమాని మమ్మల్ని కాటాలో దోచాడు, కొత్తదాని యజమాని మా దగ్గర ఏమీ తీసుకోలేదు. అయినా దోచినవాడు కేక వేస్తే ఆగేవాడు. ఏమీ దోచనివాడికి ఆ కేకే వినపడలేదు. దోపిడీ గురించి పాతికేళ్లుగా రాస్తున్నాను, ఈ రెండో రకానికి నా దగ్గర పేరు లేదు. మా పెద్దమ్మ చెవులు లేవంది. నేను అంతకన్నా మంచి మాట వెతుకుతూనే ఉన్నాను, దొరకలేదు.

మీకు కూడా ఆ మాట వర్తిస్తుంది. ఆ వీడియోను చాలామంది శబ్దం తీసేసే చూశారు.

ఆమెను చేను గట్టున పూడ్చాం. ఆర్టీసీ డ్రైవరు ఒకతను బస్సు పక్కకు ఆపి వచ్చి, ఆమె ఇచ్చినట్లే పిడికెడు ఉలవలు మట్టి మీద పోసి పోయాడు. ప్రయాణికులు ఎవరూ తొందర పెట్టలేదు. సంతాప సభలు పెట్టొద్దని కోడలు చెప్పింది. సభ పెడితే నాలాంటివాళ్లు మాట్లాడతారని ఆమెకు తెలుసు. అందుకని మాటలు ఆపుతున్నాను. అడిగేవి ఇవి:

ఒకటి. కేసులోంచి కోడలి పేరు తీసేయాలి.

రెండు. ఆ అబ్బాయి తనకు తెలిసిన ఒక్క వాక్యం, 'ఆమె కట్టె లాగుతోంది' అని, కోర్టులో చెప్పాలి. అతని స్నేహితుడు వీడియో మొత్తం ఇవ్వాలి, కేకతో సహా.

మూడు. కోసిన వీడియో పంపినవాళ్లు మొత్తం వీడియో వచ్చాక దాన్నీ అంతమందికీ పంపాలి.

నాలుగు. మా ఊరి కళ్లం మా ఊరికి తిరిగి ఇవ్వాలి. ఇచ్చేదాకా ఉలవల కాలంలో ఆ రోడ్డుకు రెండు చివర్లా బోర్డు పెట్టాలి: నిదానంగా పొండి, దాటాక ఆపండి, ఎందుకంటే కింద చుట్టుకున్న కట్టె అంటుకుంటుంది. ఎందుకో కూడా రాయాలి.

ఐదు. స్టేషన్లో బీరువా పక్కన గోడకు ఆనించి పెట్టిన కొంకి కర్రను ఆమె ఇంటికి తిరిగి ఇవ్వాలి. దానికి 'ఆయుధం' అని రాసి కట్టిన చీటీని విప్పి ఇవ్వాలి. కొనకున్న మసి తుడవనక్కర్లేదు. చేలో ఉలవలు కోతకు వచ్చాయి.